తూర్పు కిటికీ, పడమటి గోడ: రోజుకొక ఎండపొడ ఫొటో

తూర్పుకిటికీ · 12 ఫిబ్రవరి 2024

ఈ వేదికను చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను గాని రాయడం ఇదే మొదటిసారి. హైదరాబాదులో మేముండేది మూడో అంతస్తులో. హాలుకు తూర్పున ఒకే ఒక పెద్ద కిటికీ ఉంది. దానికి ఎదురుగా 14 అడుగుల దూరంలో, 12 అడుగుల వెడల్పున, సున్నం వేసినంత తెల్లగా పడమటి గోడ ఉంది. 2022 ఏప్రిల్ 2న, ఉగాది పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ గోడ మీద కిటికీ ఆకారంలో పడిన ఎండపొడను చూసి ఫొటో తీశాను. మర్నాడూ తీశాను. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ అదే గోడను, అదే 24 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తున్నాను. ఊరికి వెళితే అక్కడ కనిపించిన ఎండపొడనో నీడనో తీస్తాను. ఇవి రెండు వరుసలు. ఇంటి వరుసకు మాత్రమే నియమాలున్నాయి.

కెమెరాను కిటికీకి రెండడుగుల ఇవతల పెట్టడం వల్ల దాని నీడే గోడ మీద పడేది. అందుకని ట్రైపాడ్‌ను కిటికీ గట్టు కంటే కిందికి దించి, దాని మూడు కాళ్లు ఆనే చోట్ల నేల మీద గోళ్ల రంగుతో మూడు చుక్కలు పెట్టాను. ఇంట్లో ఎవరు తుడిచినా ఆ చుక్కలు పోవు. కెమెరా తెర మీది చదును గీత చూసి దాన్ని మట్టసంగా ఉంచుతాను కనుక గోడ అంచులు వాలిపోవు.

సందేహం ఏమిటంటే, నేను ప్రతి రోజూ ఉదయం 7:15కే తీస్తున్నాను. నవంబరు 1న సూర్యుడు దక్షిణానికి దిగుతూ ఎక్కడ ఉంటాడో, ఫిబ్రవరి 10న తిరిగి వస్తూ సరిగ్గా అక్కడే ఉంటాడని చదివి, మొన్న ఆ రెండు తేదీల ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. అవి కలవలేదు. ఫిబ్రవరి పొడ నవంబరు పొడ కంటే దాదాపు ఒకటిన్నర అడుగులు పైన ఉంది. ట్రైపాడ్ కదిలిందేమోనని టైల్స్ అతుకులను లెక్కపెట్టాను. అవి వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సరిపోయాయి. నా పొరపాటు ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరా?

లెక్కలమాస్టారు · 12 ఫిబ్రవరి 2024

మీ పొరపాటు ఏమీ లేదండీ, ఉన్నదల్లా మీ చేతిగడియారానిదే. ఆ రెండు రోజుల్లో సూర్యుడు ఆకాశంలో నడిచే దారి ఒకటే అన్న మాట నిజం. కాని ఆ దారిలో ఒకే చోటికి ఆయన చేరుకునే వేళ మాత్రం ఒకటి కాదు.

మన దేశపు గడియారాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపెట్టారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు వెనక. కనుక మీ ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే సగటు వేళ 12:16. ఈ సగటు కూడా ఏడాది పొడుగునా నిలవదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి వృత్తం కాకపోవడం వల్లా, భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండడం వల్లా నవంబరు మొదట్లో సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనకబడతాడు. అంటే మీ మిట్టమధ్యాహ్నం నవంబరు 1న సుమారు 12:00కు, ఫిబ్రవరి 10న సుమారు 12:30కు అవుతుంది. నవంబరు 7:15 నాటి పొడకు జోడు కావాలంటే ఫిబ్రవరిలో 7:45కు తీయాలి. మీరు అరగంట ముందే తీశారు కనుక సూర్యుడు ఇంకా కిందనే ఉన్నాడు, పొడ గోడ మీద పైనే ఉంది.

సంక్రాంతి దాటి పగలు పెరుగుతున్నా తెల్లవారడం మాత్రం ఇంకా ఆలస్యమవుతున్నట్టు ఉంటుందే, అదీ దీనివల్లే. హైదరాబాదులో అన్నిటికంటే ఆలస్యపు సూర్యోదయం డిసెంబరులో కాదు, జనవరి మూడో వారంలో, 6:50 ప్రాంతంలో అవుతుంది.

తూర్పుకిటికీ · 13 ఫిబ్రవరి 2024

మాస్టారూ, ఈ ఉదయం మీరు చెప్పిన లెక్క ప్రకారం 7:45కు తీసి నవంబరు ఫొటో మీద పెట్టి చూశాను. మూడు రోజుల తేడా ఉన్నా, స్విచ్‌బోర్డు పక్కన వేలెడు ఎడం తప్ప పొడలు రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. ఇక గడియారం చూసి తీయాలా, ఎండను చూసి తీయాలా అన్నది తేల్చుకోవాలి.

నలుపుతెలుపు · 13 ఫిబ్రవరి 2024

నిర్మొహమాటంగా మాట్లాడుతున్నందుకు మన్నించండి. మీరు పంచిన పదహారు ఫొటోలూ చూశాను. తొమ్మిదింటిలో క్యాలెండరు ఉంది, ఆరింటిలో ఒక కుర్చీ, నాలుగింటిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడ చేతులు ఉన్నాయి. తెల్ల గోడ, వెలుగు, ఇవి రెండే ఉంటే వందల ఫొటోలు పక్కపక్కన పేర్చినప్పుడు ఒక గంభీరమైన క్రమం కనబడుతుంది. కుర్చీ ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు ఉంటే చూసేవాడి కన్ను కుర్చీ వెంట పోతుంది. మీరు వెలుగును తీస్తున్నారా, ఇంటిని తీస్తున్నారా? ముందు దాన్ని తేల్చుకుంటే గడియారం సంగతి దానంతట అదే తేలుతుంది.

ఇంకొక మాట. మీ డిసెంబరు ఫొటోల రంగూ ఏప్రిల్ ఫొటోల రంగూ ఒకేలా ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెల్లగా కనబడేలా కెమెరా చేసే రంగుల సర్దుబాటును, ఆటోలో వదిలేసినట్టున్నారు. పొద్దుటి ఎండలోని పసుపును కెమెరా లోపమని భావించి కడిగేస్తోంది. దాన్ని 5200 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దగ్గర బిగించండి. ఎక్స్‌పోజరు (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు మోతాదు) కూడా మాన్యువల్‌లో ఒకే దగ్గర ఉంచితే పొగమంచు పట్టిన రోజున పొడ మసకగా, వాన వెలిసిన మర్నాడు మెరుస్తూ దాని తేడా అదే చూపిస్తుంది.

తూర్పుకిటికీ · 14 ఫిబ్రవరి 2024

రంగు విషయంలో మీరు పట్టుకున్నది అక్షరాలా నిజం. రా ఫైళ్లు (కెమెరా రంగులు సర్దకముందు దాచిన ముడి ఫైళ్లు) ఉన్నాయి గనుక రెండేళ్లవీ 5200కు మార్చి చూస్తే మాగిన సపోటా రంగు తిరిగి వచ్చింది. ఇకనుంచి ఎక్స్‌పోజరు ఎప్పుడూ ఇదే: ఐఎస్ఓ 200, ఎఫ్ 8, సెకనులో 320వ వంతు. పొడలో తెలుపు కాలిపోకుండా చూసుకుని, మిగతా గదిని చీకట్లో వదిలేస్తాను.

కుర్చీని మాత్రం తీయలేను. అది మా అమ్మది. ఎండపొడ అన్న మాట నాకు ఆవిడ దగ్గరే తెలిసింది. వాళ్ల ఊళ్లో గోడగడియారం లేని ఇంట్లో ఎండ గడప దిగిందంటే బడికి వేళయినట్టట. చలికాలంలో ఆవిడ కుర్చీని పొడలోకి జరుపుకుంటుంది, ఏప్రిల్ నుంచి పొడకు దూరంగా జరుపుకుంటుంది. ఆ కుర్చీ కదలడం కూడా సూర్యుడి కదలికే కదా అని నా వాదన. ముఖం కనబడకూడదని ఆవిడ పెట్టిన షరతును పాటిస్తున్నాను.

లెక్కలమాస్టారు · 14 ఫిబ్రవరి 2024

గడియారాన్ని వదిలేయండి. పొడ పై అంచు ఒక నిర్ణీతమైన ఎత్తుకు దిగినప్పుడు తీయండి. గోడ మీది క్యాలెండరు ఏటా మారుతుంది కనుక గుర్తుగా పనికిరాదు. స్విచ్‌బోర్డు పై అంచు ఎత్తున, అంటే నేలకు సుమారు నాలుగడుగుల దగ్గర, గోడ పొడుగునా సన్నని పెన్సిల్ గీత గీసుకోండి. పొడ ఆ గీతకు తాకిన ప్రతిసారీ సూర్యుడు దాదాపు ఒకే ఎత్తున, సుమారు 12 డిగ్రీల మీద ఉంటాడు. అప్పుడు పొడ పైకీ కిందికీ పోకుండా పక్కలకే నడుస్తుంది. డిసెంబరులో ఉత్తరానికి, జూన్‌లో దక్షిణానికి. హైదరాబాదు అక్షాంశానికి సూర్యోదయపు చోటు తూర్పుకు అటు 24, ఇటు 24 డిగ్రీలకు పైగా జరుగుతుంది కాబట్టి మీ 12 అడుగుల గోడ చాలదని నా అంచనా. డిసెంబరులో పొడ మూల తిరిగి ఉత్తరపు గోడ ఎక్కాలి.

తూర్పుకిటికీ · 14 ఫిబ్రవరి 2024

ఎక్కుతుంది మాస్టారూ! పోయిన డిసెంబరులో సగం పొడ ఉత్తరపు గోడ మీదికి విరిగి పడింది. ఎవరో మడిచిపెట్టిన తువ్వాలులా ఉందని ఫైలుకు ఆ పేరే పెట్టుకున్నాను.

కొత్తలెన్సు · 2 మార్చి 2024

అనుభవం లేనివాణ్ణి, దయచేసి చెప్పండి. మీ ఫొటోల్లో కిటికీ గట్టు మీద పడిన గ్రిల్ నీడ కత్తితో కోసినట్టుంది. గోడ మీదికి వచ్చేసరికి ఆ ఊచల నీడ కనబడడమే లేదు. లెన్సులో లోపమా, ఫోకస్ తప్పా?

నలుపుతెలుపు · 2 మార్చి 2024

లెన్సు నిర్దోషి. సూర్యుడు చుక్క కాడు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుచేత ఏ నీడ అంచైనా దూరం వెళ్లేకొద్దీ చెదురుతుంది. దూరంలో సుమారు 108వ వంతు వెడల్పున మసక వస్తుంది. 14 అడుగులంటే నాలుగు మీటర్లకు పైన, కాబట్టి గోడ మీద ప్రతి అంచుకూ నాలుగు సెంటీమీటర్ల మసక ఉంటుంది. గ్రిల్ ఊచ లావు 12 మిల్లీమీటర్లయితే దాని గట్టి నీడ మీటరు మీద ముప్పై సెంటీమీటర్ల దూరంలోనే అయిపోతుంది.

పాతరీలు · 3 మార్చి 2024

ఈ బిళ్ల సంగతి వినగానే ఒకటి గుర్తుకొచ్చింది. మాది నల్లగొండ వైపు పెంకుటిల్లు. కప్పులో సందులున్న ప్రతి చోటా కింద నేల మీద గుండ్రటి ఎండ బిళ్లలు పడేవి. సందు ఏ ఆకారంలో ఉన్నా బిళ్ల గుండ్రంగానే ఉండేది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా మీదుగా పోయింది. పెద్దవాళ్లు పిల్లలందరినీ లోపల వేసి తలుపులు బిగించారు. మధ్యాహ్నం మూడు దాటాక మా నేల మీది బిళ్లలన్నీ ఒక్కసారే కొరికిన అప్పచ్చుల్లా అయి, తర్వాత నెలవంకలయ్యాయి. చూడొద్దని మూసిన గదిలోనే గ్రహణం మొత్తం చూశాం! అప్పట్లో మా ఇంట్లో కెమెరా లేదు. మీరు రోజూ తీస్తున్నది చూసి కొంచెం అసూయగా ఉంది.

మీ రెండో వరుస కోసం నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒకసారి వెళ్లండి.

తూర్పుకిటికీ · 18 మార్చి 2024

పాతరీలు గారూ, మీ మాట మీద నిన్న ఆదివారం వెళ్లాను. గర్భాలయంలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభపు నీడ నిలబడి ఉంది. నేను 9 గంటలకు చూశాను, 11:30కు చూశాను, 3 గంటలకూ చూశాను. బయట ఎండ దిక్కు మార్చుకుంది గాని ఆ నీడ జరగలేదు. నేరుగా పడే ఎండ వల్ల కాకుండా, మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు వల్ల అది ఏర్పడుతుంది కాబట్టి కదలదని చెబుతారు. లోపల కెమెరా తీయలేదు. బయటి మండపంలో నేల మీద పడిన స్తంభాల నీడలను మాత్రం గంటకొకటి తీసుకుని వచ్చాను. ఇంట్లో రెండేళ్లుగా కదిలే వెలుగును వెంటాడుతున్న నాకు, కదలని నీడ ఎదుట ఏం చేయాలో కాసేపు తోచలేదు.

అంతకు ముందు వారం శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లినప్పుడు అరసవల్లి కూడా చూశాను. అక్కడ మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని ప్రసిద్ధి. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడి దారి ఒకటే కావడం, నా నవంబరు ఫిబ్రవరి జంటలాంటిదే అవడం మాస్టారి లెక్క విన్నాకే అర్థమైంది. ఆ రోజు మబ్బు పట్టింది. క్యూలో ఉన్నవాళ్లందరూ తూర్పుకు తిరిగి మబ్బును చూస్తున్న ఫొటో ఒకటి దక్కింది.

కోనసీమనీడ · 19 మార్చి 2024

మా మండువా ఇంట్లో ఎండ పైనుంచే దిగుతుంది. చలికాలంలో మండువా ఉత్తరపు వసారాను దాటి కిందికి రాదు, వేసవిలో నడిమధ్యన నిలువుగా పడుతుంది. మీరు ఈ వైపు వస్తే ఒక పూట మా ఇంట్లోనే ఉండండి. బల్ల మీద బూరెలు కూడా ఉంటాయి, వాటికి నియమాలేమీ లేవు.

మంచుదేశం · 21 మార్చి 2024

నేనుండేది ఎడిన్‌బరోలో, 56 డిగ్రీల ఉత్తరాన. ఇక్కడ డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పది, పదకొండు డిగ్రీలకు మించి లేవడు. మీ స్విచ్‌బోర్డు గీతను తాకకుండానే రోజు ముగుస్తుంది. ఉదయం 8:40కి వచ్చి మధ్యాహ్నం 3:40కి వెళ్లిపోయే ఆ ఎండ, వచ్చినంతసేపూ గది చివరి గోడ దాకా పాకుతుంది. హైదరాబాదులో పెరిగినప్పుడు ఎండకు అడ్డంగా తెర లాగేవాళ్లం. ఇక్కడ ఎండ వచ్చిన చోటికి సోఫాను లాగుతున్నాం. మీ అమ్మగారి కుర్చీని ఫొటోల్లోంచి తీయొద్దు.

తూర్పుకిటికీ · 9 మే 2024

ఈ రోజు హైదరాబాదులో నీడ లేని రోజు. 12:12కు డాబా మీద నిలబెట్టిన రాగి చెంబుకు నీడ కనబడలేదు. దాని కిందనే దాక్కుంది. ఆగస్టు 3న ఇదే మళ్లీ వస్తుంది గాని అప్పుడు మబ్బులను నమ్మలేం.

మబ్బుల మాట వచ్చింది కనుక ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటి ఏడాది వానాకాలంలో పొడ పడని రోజుల ఫొటోలను పనికిరానివని తుడిచేశాను. ఇప్పుడు ఆ ఏడాది వరుస చూస్తుంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ ఎడతెగకుండా కాసినట్టు అబద్ధం చెబుతోంది. రెండో ఏడాది నుంచి ఖాళీ గోడలను కూడా ఉంచుతున్నాను. జూలైలో వరుసగా పదకొండు ఖాళీ గోడల తర్వాత వచ్చే ఒక్క పలచటి పొడ ఎంత బాగుంటుందో చెప్పలేను.

తూర్పుకిటికీ · 26 ఆగస్టు 2024

ఒక చేదు వార్త. మా ఎదురుగా, వీధి అవతల 40 అడుగుల దూరంలో ఉన్న పాత ఒంటి అంతస్తు ఇంటిని పడగొట్టి పునాది తీస్తున్నారు. ఎన్ని అంతస్తులని మేస్త్రీని అడిగితే ఐదు అన్నాడు. వరుసను 2025 ఉగాదికి ముగించి అచ్చు వేయించేయాలా అని ఆలోచిస్తున్నాను.

నలుపుతెలుపు · 27 ఆగస్టు 2024

అప్పట్లో గోడ, వెలుగు మాత్రమే ఉండాలన్నవాణ్ణి నేనే. ఇప్పుడు అంటున్నాను, ఆపకండి. మీ కిటికీకి అడ్డం వచ్చేదాన్ని కూడా మీ గోడే నమోదు చేస్తుంది.

లెక్కలమాస్టారు · 27 ఆగస్టు 2024

లెక్క ఇది. మీ కిటికీ పై అంచుకు పది అడుగులు ఎత్తుగా ఎదుటి కట్టడం లేచిందంటే, 40 అడుగుల దూరానికి అది 14 డిగ్రీలను మింగేస్తుంది. ఎండ మీ గదిలోకి సుమారు గంట ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి పొడ పై అంచు మీ గీత కంటే కిందనే ఉంటుంది. ఇరవై అడుగులు లేస్తే సుమారు 27 డిగ్రీలు. అప్పుడు పొడ గోడను వదిలి నేల మీదికి దిగుతుంది. ప్రతి స్లాబుకూ ఎండ ఒక మెట్టు దిగడం ఫొటోల్లో కనబడాలి.

ఇంకొక సంగతి. ఆ కట్టడం ముందు ముఖం పడమర. దాని పై కిటికీలకు అద్దాలు బిగించాక, సాయంత్రపు ఎండ వాటి మీద పడి వెనక్కి తిరిగి మీ తూర్పు కిటికీలోకి రావచ్చు. చలికాలంలో పొద్దు గుంకడానికి రెండు గంటల ముందు చూడండి.

తూర్పుకిటికీ · 11 మే 2025

మొన్నటి వారం నా పెన్సిల్ గీతను ఎండ తాకడం మానేసింది. మాస్టారు చెప్పినట్టే కట్టడం మా కిటికీ ఎత్తును దాటింది. నియమం పోయింది కనుక కొత్త నియమం పెట్టుకున్నాను: రోజులో ఎండ మొదటిసారి గదిలో ఎక్కడ కనబడితే అక్కడ తీయాలి. మధ్యలో ఒక హార్డ్ డిస్కు చెడి నలభై రోజుల ఫైళ్లు పోయాయి. ఇప్పుడు మూడు చోట్ల దాస్తున్నాను, అందులో ఒకటి మా చెల్లెలి ఇంట్లో.

గత నెలలో హంపి వెళ్లి విరూపాక్షాలయంలో గోపురపు తలకిందుల నీడను చూశాను. పాతరీలు గారి పెంకుటింటి సందు, ఆ రాతి గోడలోని కన్నం ఒకే పని చేస్తున్నాయి. తిరుగు ప్రయాణంలో రైలు బోగీ నేల మీద పడిన పొడ, పట్టాలు వంపు తిరిగినప్పుడల్లా సీటు కింద నుంచి ఎదుటివారి చెప్పుల దాకా నడిచింది. ఇంట్లో ఆరు నెలలు పట్టే ప్రయాణం అక్కడ అర నిమిషంలో అయిపోయింది.

పాతరీలు · 12 మే 2025

ఆ రైలు పొడల వరుసను విడిగా పెట్టండి. ఇంటి ఫొటోల కంటే అవే నాకు నచ్చాయి. ఇంట్లో మీరు మరీ నిష్ఠగా ఉన్నారు.

తూర్పుకిటికీ · 7 డిసెంబరు 2025

ఐదు అంతస్తులూ పూర్తయ్యాయి. ఈ చలికాలం పొద్దుటి పొడ గోడను పూర్తిగా వదిలేసి, 9 గంటల వేళకు నేల మీద నాలుగు టైల్స్ వెడల్పున పడుతోంది. అమ్మ కుర్చీని మానేసి అక్కడే పీట వేసుకుంటోంది. దానికి తగ్గట్టు కెమెరాను ఎత్తాను. గోళ్ల రంగు చుక్కలు ఇప్పుడు ఆరు.

పోయిన వారం ఎదుటి పై అంతస్తుకు అద్దాలు బిగించారు. నిన్న మధ్యాహ్నం 3:50కి నేను లోపలి గదిలో ఉండగా అమ్మ పిలిచింది. "సాయంత్రం పూట తూర్పు కిటికీలోంచి ఎండేమిట్రా?" అని అడిగింది. పడమటి గోడ మీద, పెన్సిల్ గీతకు చాలా కింద, నీళ్ల మీద వెలుగులా వంకర గీతలతో ఒక పొడ ఊగినట్టు కనబడింది. అద్దం పూర్తిగా చదునుగా ఉండదు కనుక ఆ గీతలు వస్తాయట. కెమెరా తెచ్చి చుక్కల మీద నిలబెట్టేసరికి మూడు నిమిషాలు గడిచాయి. రెండు ఫొటోలు దక్కాయి, రెండోదానిలో పొడ సగమే ఉంది. ఈ రోజు 3:40 నుంచే కాచుకుని కూర్చున్నాను. మబ్బు పట్టింది. ఖాళీ గోడను తీసి ఉంచాను.